కదపకూడని కొలువు

వాసంతి ఇంట్లో కంపు మొదలైంది నవరాత్రుల మధ్యలో. ఆ రోజు సాయంత్రం గడప దాటగానే నేను ముక్కు మూసుకున్నాను. లోపల కూర్చున్న ఆడవాళ్ళలో ఒక్కరూ మూసుకోలేదు. పట్టుచీరలు కట్టుకుని, తలనిండా మల్లెపూలు పెట్టుకుని, ఏడు మెట్ల బొమ్మల కొలువుకు ఎదురుగా చాప మీద కూర్చుని, దొన్నెల్లో సుండల్ గుగ్గిళ్ళు తింటూ, "ఈసారి పాలసముద్రం జోరుగా ఉండాది వాసంతీ" అని మెచ్చుకుంటున్నారు. ఒకావిడ మాటిమాటికీ కొంగు ముక్కు దాకా తీసుకుపోయి, దగ్గు వచ్చినట్టు నటించి, మళ్ళీ దించుతోంది. అగరుబత్తీలు కట్టలు కట్టలుగా వెలిగించారు. ఆ పొగా ఈ కంపూ కలిసి ఇంకా పాడు వాసన ఏదో తయారై నా గొంతులో కూర్చుంది.

కంపు కంటే వాళ్ళను చూస్తేనే నాకు ఎక్కువ రోత పుట్టింది. చెత్తబండి ఒక్కపూట రాకపోతే కార్పొరేషన్ వాళ్ళను ఏడు తరాల దాకా తిట్టే మనుషులు వీళ్ళు. ఇక్కడ మాత్రం నోరు మెదపరు. వాసంతి మా మహిళా సంఘానికి కార్యదర్శి. ఆమె తాంబూలంలో పెట్టే రవికె గుడ్డ మంచి రకం. అంతే సంగతి.

"ఏందే ఈ నాత్తం?" అని నేనే అడిగాను, అందరికీ వినపడేటట్టు.

వాసంతి కుంకుమ భరిణె పట్టుకుని గబగబా నా దగ్గరికి వచ్చింది. "ఏసీ వెనకాల ఎలుక చచ్చుండాదేమో. మనిషిని పిలిపించినా. నువ్వు గట్టిగా అనద్దు. రా, కూర్చో. నువ్వు పాడతావని అందరూ కాచుకోనుండారు."

ఆ గాలి పీల్చి పాట పాడాలట. పాడాను. వాసంతి అడిగితే నేను కాదన్నది లేదు, అప్పటికి.

మేమిద్దరం జార్జిటౌన్‌లో ఒకే వీధిలో పుట్టాం. ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నాం. పెళ్ళిళ్ళు కూడా ఆ చుట్టుపక్కల వీధుల్లోని వ్యాపారస్తుల ఇళ్ళలోకే అయ్యాయి. వాళ్ళాయన జనార్దనానిది పసుపు, మిరపకాయల హోల్‌సేల్. మా ఆయన విజయకుమార్‌ది ప్లాస్టిక్ సామాన్లు. టి. నగర్ పోతే ఇద్దరికీ ఒకే చీర రెండు రంగుల్లో కొనాలి, ఆ రంగులు వాసంతే చెప్పాలి. నా బీరువాలో ఆమెకు నచ్చని చీర ఒక్కటీ లేదు. ఏ డాక్టరు దగ్గరికి పోవాలో, పిల్లకు ఏ సంబంధం చూడాలో, ఏ పచ్చడి ఎవరి ఇంట్లో పెట్టాలో, అన్నీ ఆమె ముందు అనేది, నేను సరే అనేదాన్ని. దీన్ని బానిసత్వం అంటే అబద్ధమవుతుంది. మా ఆయనకు గుండె ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ రెండు పూటలా రసం అన్నం మోసుకొచ్చింది వాసంతే. ఒకరోజు వాన నీళ్ళు మోకాళ్ళ దాకా వస్తే చీర ఎత్తి కట్టుకుని క్యారియర్ నెత్తిన పెట్టుకుని వచ్చింది. నా సొంత తోడికోడలు ఫోన్‌లో పరామర్శించి ఊరుకుంది. అందుకే వాసంతి మాట ఎప్పుడైనా నాకు గుచ్చుకున్నా ఆ క్యారియర్ గుర్తు తెచ్చుకుని మింగేసేదాన్ని.

మరి ఇప్పుడేమైందంటే, నాకు సముద్రం పిచ్చి పట్టింది.

పౌర్ణమి శుక్రవారం వస్తే మేమిద్దరం ఒకే రోజున మూడు అమ్మవార్ల గుళ్ళు చుట్టి వస్తాం. మా వైపు ఆడవాళ్ళకు అది అలవాటు. పోయిన ఏడాది అలా తిరువొత్తియూరు వెళ్ళినప్పుడు అభిషేకానికి చాలాసేపు పడుతుందన్నారు. వాసంతి వరుసలో కూర్చుంది. నాకు ఉక్కపోసి, గాలి కోసం సముద్రం వైపు నడిచాను. అక్కడ ఒడ్డుకు అడ్డంగా వేసిన నల్లరాళ్ళ మధ్య నలుగురైదుగురు వంగి ఏదో చూస్తున్నారు. ఎవరిదో ఉంగరం పడిపోయిందేమోనని నేనూ వంగాను. వాళ్ళలో గురుప్రసాద్ అనే ఆయన, కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడట, నీళ్ళ గుంటలో ఒక పువ్వును చూపించి "ముట్టుకోండమ్మా, ఏమీ కాదు" అన్నాడు. ముట్టుకుంటే అది నా వేలిని పట్టుకుంది. పువ్వు కాదు, జంతువు. జిగటగా వేలికి అంటుకుని, ఒక్క క్షణం ఆగి, వదిలేసింది.

గుడ్డు కూడా గడప తొక్కని ఇంట్లో పుట్టినదాన్ని. నాకు ఆ జిగటకు రోత పుట్టాలి. పుట్టలేదు. ఆ వేలిని గుడిలోకి వెళ్ళేదాకా బొటనవేలితో రుద్దుకుంటూనే ఉన్నాను.

అప్పట్నుంచి ఆదివారం పొద్దున నాది. తెల్లవారగానే బస్సెక్కి తిరువొత్తియూరు వెళతాను. గాలి అటునుంచి వీస్తే మనలి ఫ్యాక్టరీల వాసన వస్తుంది, కళ్ళు మండుతాయి, అయినా పోతాను. ఒక నత్త ఇంకో నత్త గుల్లకు సన్నగా బెజ్జం పెట్టి లోపలిదాన్ని తినేయడం చూశాను. ఇల్లు చాలక పెద్ద గుల్లలోకి మారే పీతను చూశాను. అది మారే ముందు కొత్త ఇంటిని కాళ్ళతో ఎంతసేపు తడిమి చూసుకుందో! మా అమ్మాయికి సంబంధం చూసినప్పుడు కూడా మేము అంత ఆరా తీయలేదు. ఏభై ఏళ్ళు వస్తున్నాయి నాకు. ఎవరూ చెప్పకుండా, ఎవరికీ పనికిరాకుండా, నాకోసం నేనొక విషయం నేర్చుకోవడం ఇదే మొదలు. మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. వాసంతి ఊరుకోలేదు.

మొదట ఎగతాళి చేసింది. "పురుగుల కోసం నన్ను వదిలేసినావా?" అంది. తర్వాత నేను వాళ్ళింటికి వెళితే వంటింటి గుమ్మంలోనే ఆపి, పసుపునీళ్ళతో చేతులు కడుక్కోమనేది. కడుక్కున్నాక కూడా నా వేళ్ళు పట్టుకుని వాసన చూసేది. నలుగురు ఉన్నప్పుడైతే తప్పకుండా చూసేది. "మీన్ల నాత్తం పోలేదే" అని ముక్కు ముడిచేది. నాకు ఒళ్ళు మండేది. మంగళవారం నాడు ఆదివారం నాటి వాసన వేళ్ళ మీద ఎలా ఉంటుంది? ఆదివారం పొద్దున సరిగ్గా నేను రాళ్ళ మీద ఉన్నప్పుడే ఫోన్ మీద ఫోన్. ఒళ్ళు బాగలేదు, రా. గ్యాస్ బండ మారలేదు, రా. ఒకసారి నిజంగానే జ్వరమేమోనని పరుగెత్తుకుని వెళితే సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"నీకు జ్వరం లేదా?"

"నిన్న ఉండె. ఇప్పుడు తగ్గిపోయింది. వచ్చినావు గదా, ఉండు, టిఫిన్ తినిపో."

తిన్నాను. ఇడ్లీ మెత్తగా, వేడిగా ఉంది. అంత బాగున్నందుకే మరీ కోపం వచ్చింది.

మహాలయ అమావాస్య ఆదివారమే వచ్చింది. ఆ పొద్దున ఆమే అంది, "నేనూ వస్తానే నీతో. ఏముండాదో ఆడ చూస్తా" అని. నేను పిచ్చిదాన్ని, సంతోషపడ్డాను. ఒక్కసారి చూస్తే ఆమెకూ అర్థమవుతుందనుకున్నాను. వాసంతి జరీ అంచు చీర కట్టుకుని వచ్చి, రాయి మీద చేతిగుడ్డ పరుచుకుని కూర్చుని, గురుప్రసాద్‌ను మొట్టమొదట అడిగిన ప్రశ్న "మీరు మనవాళ్ళేనా?" అని. ఆయన మర్యాదస్తుడు. నవ్వి, తన పద్ధతి ప్రకారం అందరికీ చెప్పినట్టే ఆమెకూ చెప్పాడు. "ఇక్కడ చూడొచ్చమ్మా, తీసుకుపోకూడదు. మూత వేసున్న గుల్లైతే అసలే తీయొద్దు. లోపల ప్రాణం ఉందని అర్థం."

వాసంతి తల ఊపింది. తర్వాత మేము నీళ్ళ గుంటల దగ్గర ఉంటే ఆమె వలలు దులిపే చోట తిరుగుతూ గుల్లలు ఏరుకుంది. కొలువులో ఈసారి పాలసముద్రం పెడుతోందట, అలంకారానికట.

"ఖాళీవేనా?" అని అడిగాను.

"ఖాళీవేలే. నాకు ఆ మాత్రం తెలియదా?" అంది.

ఇప్పుడు కంపు సంగతికి వస్తాను. మర్నాడు ఏసీ విప్పి చూశారు, ఎలుక లేదు. ఆ మర్నాడు బాత్రూమ్ గొట్టాలన్నీ మందు పోసి కడిగారు. కంపు పెరిగింది కానీ తగ్గలేదు. అప్పుడు అందరి చూపూ మునియక్క మీదికి పోయింది.

మునియక్క వాసంతి ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు తుడిచే మనిషి. ఎన్నో ఏళ్ళుగా చేస్తోంది. మధ్యాహ్నం తన అన్నం డబ్బా ఆ ఇంట్లో ఏనాడూ విప్పలేదు. వీధి చివర అరుగు మీద కూర్చుని తిని, నోరు కడుక్కుని వస్తుంది. సంఘానికి పెద్ద గోవిందమ్మగారు, డెబ్బై దాటిన ఆవిడ, ఆ సాయంత్రం పేరంటంలో చాప మీద కూర్చునే తీర్పు చెప్పేసింది. "ఇది కరువాడు నాత్తం. ఎండుచేపలు. ఆ మనిషి సంచి చూడండి." నేను పాట పాడి నీళ్ళు తాగుతున్నాను. మునియక్క సంచి తెచ్చి, కొలువు ఎదుటే, అమ్మవారి ఎదుటే, నేల మీద గుమ్మరించారు. ఒక దువ్వెన, మాత్రల అట్ట, మడిచిన చీర, ఖాళీ డబ్బా. వాటిలో ఏమీ లేదు. ఏమీ లేకపోయినా గోవిందమ్మగారు "ఎక్కడో దాచుంటాది" అంది. వాసంతి మునియక్క వైపు చూడకుండా, "నువ్వు దశమి దాకా రావద్దు మునియక్కా" అంది.

మునియక్క సామాన్లు ఏరుకుని సంచిలో వేసుకుంది. "అమ్మా, నేను ఏమీ తేలేదమ్మా" అంది ఒక్కసారి. ఒకావిడ సుండల్‌లో కొబ్బరి ఎక్కువైందని పక్కావిడతో చెబుతోంది.

నాకు ఆ ముఖాల మీద ఉమ్మేయాలనిపించింది. సంచి చూడమన్న నోళ్ళు తాంబూలం నములుతున్నాయి. వాళ్ళ వైపు చూడలేక కొలువు వైపు తిరిగాను. అప్పుడు కనబడింది.

అన్నిటికంటే కింది మెట్టు మీద థర్మాకోల్‌తో చేసిన పాలసముద్రం, దాని మీద తెల్లటి గుడ్డ, నీలం బల్బు. మధ్యలో ఆదిశేషుడి మీద పడుకున్న స్వామి, పాదాల దగ్గర లక్ష్మి. స్వామి చేతి పక్కన గుప్పెడంత శంఖం. దానికి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, రోజూ పూజ చేస్తున్నారు. గోధుమరంగు పొర ఇంకా ఒలవని పచ్చి శంఖం అది. దుకాణాల్లో అమ్మే తెల్లటిది కాదు. దాని కింద గుడ్డ మీద తడి మరక, మరక చుట్టూ చిన్న ఈగలు. వలల దగ్గర పారేసిన గుల్లలు ఎండకు కుళ్ళితే వచ్చే వాసన నాకు బాగా తెలుసు. ఇన్ని రోజులూ ఈ ఇంట్లో ఎందుకు పోల్చుకోలేదంటే, అగరుబత్తీలు, మల్లెపూలు, కర్పూరం. అదీకాక దేవుడి దగ్గర ఆ వాసన ఉంటుందని ఎవరనుకుంటారు?

వాసంతిని వంటింట్లోకి లాక్కుపోయాను. "అది ఖాళీది కాదే. ఆ శంఖంలో ప్రాణి ఉండింది. చచ్చి కుళ్ళిపోయింది. స్వామి పక్కన శవం పెట్టి హారతి ఇస్తున్నారు మీరందరూ."

వాసంతి నా ముఖంలోకి చూడలేదు. స్టవ్ మీద పాల గిన్నె మూత సర్దింది. "మెల్లగా మాట్లాడే" అంది.

"తీసెయ్యి. ఇప్పుడే తీసి పారెయ్యి. మునియక్కను వెనక్కు పిలువు."

"కొలువు పెట్టినాక మధ్యలో ఎట్ల తీస్తారే? ఏదీ కదపకూడదు. నీకు తెలియదా? మా అత్త ఒకసారి మధ్యలో కలశం ఎత్తి పక్కన పెట్టింది. ఆ సంవత్సరమే మా మామ పోయినాడు. ఆయనకు ఏమన్నా అయితే నువ్వు జవాబు చెబుతావా?" ఆయన అన్నది జనార్దనం గురించే. మొగుణ్ణి పేరు పెట్టి అనదు. అప్పుడు నా రెండు చేతులూ పట్టుకుంది. "దశమి దాకా ఓర్చుకో హేమా. నాకోసం. ఇన్ని రోజులు ఈ వీధిలో వాళ్ళంతా వచ్చి ఈడ తిని, తాంబూలం తీసుకోని పోయినారు. ఇప్పుడు అది శవమని తెలిస్తే నా మొహం ఎవరు చూస్తారు? అసింగం, సిగ్గుచేటు కాదా? దశమి అయినాక మునియక్కను నేనే పిలుస్తా. ప్రామిస్."

ఆ చేతులే క్యారియర్ మోసిన చేతులు. నేను సరే అన్నాను. బయటికి వచ్చి నా తాంబూలం నేను తీసుకున్నాను. ఇంటికి వెళ్ళి ఆ సుండల్ కుప్పతొట్టిలో వేశాను. నోరు పుక్కిలించాను. మా ఆయన "ఏమైంది?" అంటే ఏమీ కాలేదన్నాను.

మర్నాడు మునియక్క మా ఇంటికి వచ్చింది. పని అడగడానికి రాలేదు. "మీరైనా నమ్ముతారా అమ్మా?" అని అడగడానికి వచ్చింది. "నమ్ముతాను" అన్నాను. "మరి ఆడ చెప్పలేదేమ్మా?" అంది. అందులో నిష్ఠూరం కూడా లేదు. ఊరికే తెలుసుకుందామని అడిగినట్టుంది. నేను కాఫీ కలపడానికి లోపలికి పోయాను. కాఫీ తెచ్చేసరికి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం నవరాత్రుల చివర్లో వచ్చింది. వాసంతి ముందు రోజే ఫోన్ చేసింది. "పొద్దున్నే వచ్చేయ్. సంఘం వాళ్ళంతా పారాయణానికి వస్తారు. మన జత చీర, ఆ మామిడిపండు రంగుది, కట్టుకో. సముద్రానికి పోవద్దు ఈ ఒక్క వారం." నేను పోయాను. కావాలనే పోయాను. రాళ్ళ మీద కూర్చుని గంటసేపు ఏమీ చూడలేదు. కళ్ళ ముందు ఆ శంఖమే. అక్కణ్ణుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. మామిడిపండు రంగు చీరే కట్టుకున్నాను కానీ అంచుకంతా తడి ఇసుక ఉంది.

కంపు మెట్ల మీదికే వస్తోంది. లోపల హాలు నిండా ఆడవాళ్ళు. కొందరు కర్పూరం బిళ్ళలు గుడ్డలో కట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఇక నటించడం కూడా కుదరని స్థితి వచ్చినట్టుంది. నేను అడుగు పెట్టగానే గోవిందమ్మగారు నా చీర అంచు వైపు చూసింది.

"వచ్చింది చూడండి" అంది. "మునియక్క పోయినా నాత్తం పోలేదే ఏందని అనుకుంటా ఉండాం. వారం వారం ఆ మీన్లోళ్ళ దగ్గర దొర్లి ఈ ఇంటికి వస్తా ఉండాది ఈమె. మైల ఎక్కణ్ణుంచి వస్తా ఉండాదో తెలియడంలే?"

నేను వాసంతి వైపు చూశాను. నిజం తెలిసింది మా ఇద్దరికే. ఆమె ఒక్క మాట అంటే చాలు. వాసంతి కుంకుమ పళ్ళెం పట్టుకుని నిలబడింది. నాలాగే మామిడిపండు రంగు చీర, ఆమెది కాస్త ముదురు.

"నేనే చెప్పినా ఈ పెద్దమ్మకు" అంది వాసంతి. "నువ్వు తప్పుగా అనుకోవద్దు హేమా. ఎన్నిసార్లు చెప్పినా నీకు. ఇప్పుడు ఏమైపోయిందని? అమ్మవారి ముందర ఒక్క మాట చెప్పు, ఇంక ఆడికి పోనని. మనసులో ఏమీ పెట్టుకోకుండా బొట్టు పెట్టించుకో. అందరూ మరిచిపోతారు. నాకోసం చెప్పవే."

గొంతు ఎంత మెత్తగా ఉందో! ఇడ్లీ తినిపోవే అన్న గొంతే అది. చుట్టూ ఉన్నవాళ్ళు "చెప్పమ్మా, పర్వాలే, ఏముండాది?" అని అందుకున్నారు. నేను చెప్పేసేదాన్నేమో కూడా. ముప్ఫై ఏళ్ళకు పైగా అలవాటు. నోరు దానంతటదే తెరుచుకుంది. ఆదివారాలు పోతే పోయాయి, వాసంతి మిగులుతుంది అనుకున్నాను. అప్పుడు గోవిందమ్మగారు పక్కావిడతో అంది, "ఆ మునియక్కను వాసంతి ఎట్లాగూ మళ్ళీ పెట్టుకోదంట. వేరే మనిషిని చూసినారు."

వాసంతి కాదనలేదు.

నాకు అసహ్యం వేసింది. ఎవరి మీదో కూడా తెలియలేదు. చాప తొక్కుకుంటూ నేరుగా కొలువు దగ్గరికి వెళ్ళాను. "తాకద్దే! హేమా, తాకద్దు!" అని వెనక అరుపులు. ఎవరో "అపచారం" అన్నారు. నేను వంగి శంఖాన్ని పట్టుకున్నాను.

అది రాలేదు.

మళ్ళీ లాగాను. స్వామి కదిలాడు, నీలం బల్బు ఆరిపోయింది, శంఖం మాత్రం రాలేదు. రెండు చేతులతో పట్టుకుని గట్టిగా గుంజితే గుడ్డా థర్మాకోల్ ముక్కా చిరిగి దానితో పాటే పైకి వచ్చాయి. గుల్ల అంచు చుట్టూ ఎం-సీల్ ముద్ద. విరిగిన బొమ్మల చేతులు అతికించే ముద్ద. నున్నగా, శ్రద్ధగా, ఎక్కడా సందు లేకుండా మెత్తారు. ఆ ముద్ద ఒకచోట విడిపోయి లోపలి నుంచి నల్లటి నీళ్ళు నా మోచేతి దాకా కారాయి. కొంత లక్ష్మి మీద పడింది.

హాలు ఖాళీ అయిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒకావిడ గుమ్మంలోనే వాంతి చేసుకుంది. ఇన్ని రోజులూ కంపు లేదన్నవాళ్ళంతా ఒకరినొకరు తోసుకుంటూ మెట్లు దిగారు. తాంబూలం సంచులు మాత్రం ఎవరూ మరిచిపోలేదు. గోవిందమ్మగారికి చెయ్యి పట్టుకునేవాళ్ళు లేక గోడ పట్టుకుని దిగాల్సి వచ్చింది. "మునియక్క సంచిలో మీరు వెతికింది ఇదే" అని ఆమె వీపు మీదికి అరిచాను. వెనక్కు తిరగలేదు.

ఇక వాసంతీ నేనే మిగిలాం.

"ఎందుకే దీన్ని అంటించినావు?" అని అడిగాను. బొమ్మలు పడిపోకుండా అంటిస్తారు, నాకూ తెలుసు. కానీ మిగతా గుల్లలన్నీ ఊరికే పెట్టి ఉన్నాయి. ఇది ఒక్కటే అంటించి ఉంది.

వాసంతి పళ్ళెం కింద పెట్టి, పక్కకు ఒరిగిన స్వామిని సరిగ్గా పెట్టింది. ఆమెకు ఏడుపు రాలేదు. విసుగ్గా ఉంది, అంతే.

"నడిచిందే అది" అంది.

"ఏంది?"

"అమావాస్యకు పెట్టినానా, మర్నాడు దీపం పెట్టను వస్తే స్వామి దగ్గర లేదు. మెట్టు దిగి, నేల మీద, ఆ గుమ్మం వైపు పోతా ఉండాది. తడిగా గీత. ఎత్తి మళ్ళీ పెట్టినా. సాయంత్రానికి మళ్ళీ పోయింది. రోజూ దాని వెనక ఎవరు తిరుగుతారు? కొలువు పెట్టినాక ఏదీ కదలకూడదు గదా."

శంఖాన్ని తిప్పి ఆ ముద్ద వైపు చూశాను. "ప్రాణం ఉందని తెలిసే అంటించినావా?"

"దశమి దాకా ఆడ ఉంటే చాలనుకున్నా. చస్తుందని నేను చూసినానా?" అంది. "నువ్వే ఇంత రచ్చ చేసినావు. పోనీలే. వాళ్ళతో నేను మాట్లాడుకుంటా. రెండు రోజులైతే అన్నీ సర్దుకుంటాయి. ముందు చెయ్యి కడుక్కో, కాఫీ ఇస్తా."

నేను గుమ్మం వైపు తిరిగాను. వాసంతి చటుక్కున వచ్చి నా ఎడమ మణికట్టు పట్టుకుంది. "యాడికే? ఇట్లా నన్ను ఒంటరిగా వదిలేసి పోతావా? హేమా, ఉండవే. ఇప్పుడు పోవద్దు." ఆమె వేళ్ళకు కుంకుమ అంటి ఉంది. గట్టిగా పట్టుకుంది. నేను విదిలించినా వదల్లేదు. నిజంగానే భయపడుతున్నట్టుంది, ఆ ముఖం చూస్తే నాకు జాలి కూడా వేసింది.

నా కుడిచేతిలో ఇంకా శంఖం ఉంది. దాన్ని ఆమె రెండో అరచేతిలో పెట్టి, ఆమె వేళ్ళు దాని చుట్టూ మూశాను. అప్పుడు వదిలింది.